జబ్బు ఒంటె యజమాని

జబ్బుపడిన ఒంటెల యజమాని తన ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల మధ్యకు తోలరాదని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉన్న హదీసు ఇది. ఖుత్బాలలో ఈ మాట విన్నప్పుడు మనం తల ఊపి ఊరుకుంటాము. మనకు ఒంటెలు లేవు, మందలు లేవు, కనుక ఆ ఆదేశం ఎడారిలో తిరిగే అరబ్బుల కోసమని లోలోపల అనుకుంటాము. మా అభిప్రాయంలో ఆ హదీసు ఈ రోజు మనకు వర్తించినంతగా ఏ కాలంలోనూ ఎవరికీ వర్తించి ఉండదు. ఎందుకంటే జబ్బు మంద ఇప్పుడు మనది. ఆరోగ్యంగా ఉన్న మంద అడవిలో ఉంది, సముద్రంలో ఉంది. మన రోగాలను వాటి మధ్యకు మనమే తోలుతున్నాము.

ఇందుకు రుజువు కోసం ఎక్కడికో పోనక్కరలేదు. తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే రోడ్డు మీద, హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉంది. దాని కింద పనిచేసే మరో ప్రయోగశాల అత్తాపూర్‌లో ఉంది. అంతరించిపోతున్న జీవజాతుల పరిరక్షణ కోసం పెట్టిన ఆ ప్రయోగశాలను లాకోన్స్ అంటారు. 2007లో నాటి రాష్ట్రపతి డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ దానిని జాతికి అంకితం చేశారు. 2021 ఏప్రిల్‌లో కరోనా రెండో విడత నగరాన్ని కుదిపేస్తున్నప్పుడు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో సింహాలకు ముక్కు కారడం, దగ్గు, తిండి సహించకపోవడం కనిపించింది. వాటి గొంతు నుంచి తీసిన నమూనాలను లాకోన్స్ పరీక్షించింది. ఎనిమిది సింహాలకు కరోనా సోకిందని మే 4న ప్రకటించారు. మన దేశంలో జంతువులకు కరోనా సోకినట్టు తేలడం అదే మొదలు. జనమంతా జంతువుల నుంచి మనకేమి వస్తుందోనని భయపడుతున్న రోజులవి. కానీ ఇక్కడ రోగం నడిచిన దారి తలకిందులు. మనుషుల నుంచే సింహాలకు అంటి ఉంటుందని నిపుణులు భావించారు. అదృష్టవశాత్తూ మన సింహాలు కోలుకున్నాయి. ఆ మరుసటి నెలలోనే చెన్నై దగ్గర వండలూరు జూలో కరోనా సోకిన సింహాలలో రెండు చనిపోయాయి.

ఇవి ఆసియా సింహాలు. ప్రపంచం మొత్తం మీద గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలో తప్ప మరెక్కడా అడవిలో మిగల్లేదు. ఆ గిర్‌లోనే 2018 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. చనిపోయిన వాటిలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ బయటపడింది. అంతకు ముందు 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి అడవిలో మూడో వంతు సింహాలను తుడిచిపెట్టింది కూడా ఈ డిస్టెంపరే. అక్కడి పల్లెల్లోని పెంపుడు కుక్కల నుంచి అది వచ్చింది. మృగరాజును చంపడానికి వేటగాడి తుపాకి అవసరం లేదు. టీకా వేయించని ఊరకుక్క చాలు.

ఇక సముద్రం సంగతికి వద్దాము.

పిల్లలకు తట్టు పోయడం మన ఇళ్లలో తెలియనివారు లేరు. ఆ తట్టుకు కారణమైన వైరస్‌ది పెద్ద కుటుంబం. పూర్వం పశువులను ఊళ్లకు ఊళ్లు ఊడ్చిన ముసర వ్యాధి ఈ కుటుంబానిదే. టీకాల పుణ్యమా అని దానిని ప్రపంచం నుంచే నిర్మూలించామని 2011లో ప్రకటించారు. గొర్రెలకు, మేకలకు వచ్చే పారుడు రోగం ఈ కుటుంబానిదే. కుక్కల డిస్టెంపర్ ఈ కుటుంబానిదే. ఈ కుటుంబానికి సముద్రంలో కూడా బంధువులున్నారు. సీళ్లకు, డాల్ఫిన్లకు వచ్చేవి ఉన్నాయి. సీల్‌ను మనలో కొందరు చేప అంటారు గానీ అది చేప కాదు. గాలి పీల్చుకుని, పిల్లలకు పాలిచ్చి పెంచే జంతువు. ఒడ్డుకు వచ్చి ఈనుతుంది. ఒడ్డుకు వస్తుంది గనుకనే ఒడ్డున ఉన్న మనకూ మన కుక్కలకూ దగ్గరవుతుంది.

కాస్పియన్ అనే సముద్రం ఉంది. నిజానికి అది నాలుగు వైపులా నేల ఉన్న పెద్ద సరస్సు. ఇరాన్, అజర్‌బైజాన్, తుర్క్‌మెనిస్తాన్, కజకిస్తాన్, రష్యా దాని చుట్టూ ఉన్నాయి. తీరవాసుల్లో ఎక్కువమంది ముస్లింలే. చరిత్రకారుడు ఇమామ్ తబరీ పుట్టిన ఆముల్ పట్టణం కూడా దాని దక్షిణ తీరానికి దగ్గరలోనిదే. ప్రపంచంలో మరెక్కడా కనబడని ఒక సీల్ జాతి ఆ నీటిలో ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పది లక్షల వరకు ఉండేవని అంచనా. నూరేళ్ల వేట, కాలుష్యం కలిసి అందులో పదో వంతు స్థాయికి దించాయి. అలా చిక్కిన జాతి మీద 2000 సంవత్సరంలో డిస్టెంపర్ పడింది. ఒడ్డున కళేబరాలు తేలాయి. పది వేలకు పైగా చనిపోయి ఉంటాయని లెక్కగట్టారు. తీరంలో తిరిగే కుక్కల ద్వారానో తోడేళ్ల ద్వారానో వచ్చి ఉంటుందని అనుమానించారు. అంతకు పదమూడేళ్ల ముందు, 1987లో, సైబీరియాలోని బైకాల్ సరస్సులో ఇదే వైరస్ వేలాది సీళ్లను చంపింది. అక్కడా వేలు కుక్కల వైపే చూపింది.

ముస్లిం దేశాల తీరానిదే మరో కథ ఉంది. మధ్యధరా ప్రాంతపు మాంక్ సీల్ ప్రపంచంలోని అరుదైన జంతువుల్లో ఒకటి. వాటిలో పెద్ద గుంపు మౌరిటానియా ఉత్తర కొసన కేప్ బ్లాంక్ గుహల్లో ఉండేది. మూడు వందల చిల్లర. 1997లో రెండు మూడు నెలల వ్యవధిలో అందులో సగానికి పైగా చచ్చిపోయాయి. డాల్ఫిన్ల నుంచి వచ్చిన వైరస్ అని కొందరు శాస్త్రవేత్తలు, సముద్రంలోని విషపు నాచు అని కొందరు వాదించుకున్నారు. ఆ వాదం ఎటు తేలినా మనకు అర్థమయ్యేది ఒకటుంది. మూడు వందలు మాత్రమే ఉన్న గుంపుకు ఒక్క చెడ్డ ఎండాకాలం చాలు.

ఇంతవరకు కుక్కల పాత్ర చెప్పాము. చదివి మనలో కొందరు తృప్తిగా తల పంకించి ఉంటారని మాకు తెలుసు. కుక్క మన ఇళ్లలో ఉండదు గదా, మనం పెంచేది పిల్లిని గదా అని. ఇప్పుడు పిల్లి సంగతి వినండి.

పిల్లి ఎంగిలి అపవిత్రం కాదని, అది మన చుట్టూ తిరిగే ప్రాణి అని హదీసు ఉంది. హజ్రత్ అబూ హురైరా (రజి)కి ఆ పేరు పిల్లిపిల్ల వల్లనే వచ్చింది. పిల్లిని కట్టేసి తిండి పెట్టక చంపిన స్త్రీ నరకానికి పాత్రురాలైన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. ఇవన్నీ సత్యం. అయితే పిల్లి ఎంగిలి గురించి చెప్పిన మాటను దాని మలానికి అంటగట్టిన వారెవరూ లేరు. పిల్లి మలం నజిస్. ఆ మాట ఎందుకు ముఖ్యమో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వల్ల తెలిసింది. ఇది మేకలో ఉంటుంది, ఎలుకలో ఉంటుంది, మనిషిలో ఉంటుంది. కానీ దాని గుడ్ల వంటి బీజాలు బయటికి వచ్చేది పిల్లి జాతి జంతువుల మలంలోనే. ఎలుకను గాని పచ్చి మాంసాన్ని గాని తిన్న పిల్లి కొద్ది వారాల పాటు లక్షల సంఖ్యలో వీటిని వదులుతుంది. తడి మట్టిలో, నీటిలో అవి నెలల తరబడి బతుకుతాయి. క్లోరిన్‌కు కూడా లొంగవు. వాన కురిస్తే కాలువలోకి, కాలువ నుంచి నదిలోకి, నది నుంచి సముద్రంలోకి పోతాయి. ఆల్చిప్పలు వాటిని పీల్చుకుంటాయి, ఆల్చిప్పలను సముద్రపు జంతువులు తింటాయి. కాలిఫోర్నియా తీరంలో సముద్రపు నీటికుక్కలు ఇలాగే చచ్చాయి. హవాయి దీవులలో మాంక్ సీళ్లు సుమారు పదహారు వందలు మిగిలాయి. 2001 నుంచి వాటిలో పదికి పైగా ఈ జబ్బుతో చనిపోయాయి. ఆ దీవులలో పిల్లి జాతి అసలే లేదు, మనుషులు ఓడల్లో తెచ్చిందే. తట్టు కుటుంబపు వైరస్ వస్తే ఎలా అన్న భయంతో అక్కడ 2016 నుంచి అడవి సీళ్లకు టీకాలు వేస్తున్నారు. సీల్‌కు సూది వేసే రోజు వచ్చింది, మన వీధికుక్కకు మాత్రం ఇంకా రాలేదు.

ఇది సీళ్ల బాధ మాత్రమే కాదు. గర్భిణికి ఈ జబ్బు కొత్తగా సోకితే కడుపులోని బిడ్డ కళ్లకు, మెదడుకు ముప్పు. గర్భంతో ఉన్న కోడలి చేత పిల్లి మలం ఎత్తించే అత్తలు ఈ వాక్యాన్ని రెండోసారి చదవాలి.

ఇక్కడ ఒక అడ్డు ప్రశ్న వస్తుంది. 2020లో మేము దానిని పదే పదే విన్నాము. అంటువ్యాధి అనేది లేదని, లా అద్వా అని, ప్రవక్త (స) చెప్పలేదా? అలాంటప్పుడు ఈ భయాలన్నీ విశ్వాస లోపం కాదా? ఈ ప్రశ్న అడిగేవారు చెడ్డవారు కారు. వారిలో చాలామంది మనకంటే ఎక్కువ నమాజులు చేసేవారు. కానీ ఆ హదీసును సగం చదువుతున్నారు. ఆ మాట విన్న పల్లీయుడొకడు అక్కడే లేచి అడిగాడు. జింకల్లా నిగనిగలాడే ఒంటెలలోకి గజ్జి ఒంటె ఒకటి వస్తే అన్నిటికీ గజ్జి పడుతుంది గదా అని. మరి మొదటి ఒంటెకు ఎవరు అంటించారని ప్రవక్త (స) తిరిగి ప్రశ్నించారు. రోగం తనంతట తానే దైవం వంటి శక్తి కాదని, అంతటికీ మూలం అల్లాహ్ విధి అని ఆ జవాబు భావం. అంటుకోవడం జరగదని కాదు. జరగకపోతే జబ్బు ఒంటెలను వేరుగా ఉంచమనడం ఎందుకు? ఈ రెండు హదీసులనూ చెప్పినవారు ఒక్క అబూ హురైరాయే (రజి). తర్వాతి కాలంలో ఆయన మొదటిదాన్ని చెప్పడం మానుకుని, జబ్బు పశువులను వేరుగా ఉంచమన్న రెండోదాన్నే చెబుతూ వచ్చారని సహీహ్ ముస్లింలో ఉంది.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో సర్గ్ అనేచోట ఆగిపోయిన సంఘటన కూడా తెలిసిందే. ముందు ప్లేగు ఉందని తెలిసి ఆయన సైన్యంతో వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అంతటివారు నిలదీశారు. అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధిలోకే పోతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. పచ్చిక ఉన్న గట్టు, ఎండిన గట్టు రెండూ ఉంటే ఒంటెలను ఎటు మేపుతావని ఎదురు ప్రశ్న వేశారు. చూడండి, అక్కడ కూడా ఒంటెల యజమానే!

నేరం ఎవరి మీద మోపాలన్న విషయంలో కూడా మనకు కొంత అనుభవం ఉంది. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో నిజాముద్దీన్ మర్కజ్ పేరు చెప్పి ఒక సమాజాన్నే రోగవాహకుల జాబితాలో చేర్చారు. పండ్లమ్మే తోపుడు బండి దగ్గర పేరడిగి కొన్న రోజులవి. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, తబ్లీగీ విదేశీయులను బలిపశువులుగా చేసినట్టున్నదని వ్యాఖ్యానించి వారిపై కేసులు కొట్టివేసింది. ఆ నింద ఎలా కాలుస్తుందో తెలిసినవారం గనుక, కుక్క మీదా పిల్లి మీదా గబ్బిలం మీదా అదే పని మనం చేయరాదు. కుక్క టీకా కేంద్రానికి తనంతట తాను నడిచిపోదు. చెత్తకుప్పను అది పోయలేదు. శుక్రవారం మనం పారాయణ చేసే కహఫ్ సూరాలో గుహవాసుల గడప దగ్గర ముందు కాళ్లు చాచి కూర్చున్న కుక్క ప్రస్తావన ఉంది. సజ్జనుల సాంగత్యంలో కుక్క కూడా దివ్యగ్రంథంలో చోటు సంపాదించుకున్నదని పెద్దలు చెబుతుంటారు. మన సాంగత్యంలో అది ఏమి సంపాదించుకుంటున్నది? గజ్జి, డిస్టెంపర్, రేబిస్.

ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో సాయంత్రం నడిచేవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు. హాస్టళ్ల మెస్సుల వెనుక, చెట్ల నీడన, గుంపులుగా కుక్కలు. పక్కనే ఉన్న అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో నాలుగేళ్ల పసివాడిని వీధికుక్కలు చంపిన ఘోరం ఎవరూ మరచిపోలేదు. విద్యాసంస్థల ఆవరణల నుంచి కుక్కలను తరలించాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కోర్టు చెప్పిన పని ప్రభుత్వం చేయాలి. కుక్కలను అక్కడికి రప్పించే పని మాత్రం మనమే చేస్తున్నాము. ఎంగిలి, ఎముకలు, పేగులు పడేది మన చేతుల నుంచే. విషం పెట్టి చంపాలనే వారితో మేము ఏకీభవించము. అది షరీఅత్‌కూ విరుద్ధం, చట్టానికీ విరుద్ధం, పైగా నిష్ప్రయోజనం. చెత్త ఉన్నంతకాలం చచ్చినవాటి చోటికి కొత్తవి వస్తాయి.

తార్నాకకూ సముద్రానికీ ఏమి సంబంధమని అడిగేవారికి ఒక లెక్క చెబుతాము. 2020 ఆగస్టులో సి.సి.ఎం.బి., తార్నాకలోని ఐ.ఐ.సి.టి. కలిసి నగరపు మురుగునీటిని పరీక్షించాయి. అందులో దొరికిన కరోనా వైరస్ ఆనవాళ్లను బట్టి నగరంలో సుమారు ఆరు లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా కట్టాయి. ఎవరి ఇంటి తలుపూ తట్టలేదు, ఎవరి పేరూ అడగలేదు. మన ఇంటి రోగం మన మోరీలో రాసి ఉంటుందన్నమాట. ఆ మోరీ మూసీలో కలుస్తుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో శుద్ధి కేంద్రాలున్నాయి, ఆనకట్టలున్నాయి. కనుక తార్నాక పిల్లి చిలికా డాల్ఫిన్‌ను చంపుతున్నదని మేము అనము. అలాంటి మాట అంటే శాస్త్రవేత్తలు నవ్వుతారు. కానీ తీరంలోని ఊళ్ల మోరీలకు అంత దూరం లేదు. మచిలీపట్నం, కాకినాడ, విశాఖ, భీమిలిలలో మన బంధువులు లేరా?

ఆ బంగాళాఖాతం ఒడ్డున, ఒరిస్సాలోని చిలికా సరస్సులో, ఇరావతి డాల్ఫిన్లు నూట యాభై వరకు ఉన్నాయి. ముక్కు పొడుగ్గా లేకుండా గుండ్రటి తలతో ఉంటాయి. లోతు సముద్రానికి పోక మనుషులు తిరిగే నీళ్లలోనే బతుకుతాయి. పడవలు, వలలు, మురుగు అన్నీ వాటి ఇంటి ముందే. ఈ జాతి డాల్ఫిన్ల చర్మం మీద కణుతులు లేస్తున్నాయని మలేషియా, భారత్, బంగ్లాదేశ్ జలాల నుంచి పరిశోధకులు 2014లో ప్రకటించారు. తీరాల మురికి వాటి రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుందేమోనన్నది ఇలాంటి చోట్ల నిపుణుల ప్రధానమైన అనుమానం. తమిళనాడు వైపు పాక్ జలసంధిలో సముద్రపు గడ్డి మేసి బతికే దుగాంగ్ ఉంది. మన దేశం మొత్తం మీద రెండు వందల పైచిలుకే ఉంటాయని లెక్క. 2022లో అక్కడి ప్రభుత్వం 448 చదరపు కిలోమీటర్ల నీటిని వాటి కోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ప్రకటన మంచిదే. కానీ వైరస్‌కు సరిహద్దు బోర్డు చదవడం రాదు.

కోళ్ల విషయం కూడా ఒక్కమాట. పెంపుడు బాతులు, కోళ్ల మధ్య పెరిగిన బర్డ్ ఫ్లూ అడవి పక్షులకెక్కి ఖండాలు దాటింది. 2023లో దక్షిణ అమెరికా తీరాల్లో వేలాది సముద్ర సింహాలను చంపింది. అర్జెంటీనాలోని వాల్డెస్ ద్వీపకల్పంలో ఆ ఏడాది పుట్టిన ఏనుగు సీల్ పిల్లలు పదిహేడు వేలకు పైగా చనిపోయాయి. 2025 ఫిబ్రవరిలో అదే జబ్బు గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో పడింది. చచ్చిన కోడిని కాలువలో విసిరినవాడు ఏ మంద మధ్యకు ఏ ఒంటెను తోలుతున్నాడో ఆలోచించాలి. నేలమీదా సముద్రంలోనూ చెడు తలెత్తడానికి మనుషుల చేతుల సంపాదనే కారణమని రూమ్ సూరా 41వ ఆయతు చెబుతున్నది. సముద్రం పేరు ప్రత్యేకంగా ఎత్తడం గమనార్హం.

విజ్ఞానశాస్త్రం మనది కాదనే నెపం ఉస్మానియా నీడన బతికేవారికి చెల్లదు. 1918లో మొదలైన ఈ విశ్వవిద్యాలయం కోసం అనువాద శాఖ ఒకటి పెట్టి వైద్యాన్నీ రసాయన శాస్త్రాన్నీ ఉర్దూలోకి తెచ్చారు. దోమ కడుపులో మలేరియా క్రిమి కనబడింది 1897లో మన సికింద్రాబాద్‌లోనే. ఆ రోనాల్డ్ రాస్ పేరిట ఉన్న సంస్థ ఉస్మానియాదే. జంతువుకూ మనిషికీ మధ్య రోగం నడిచే దారిని లోకానికి చూపిన ఊరు మనది.

బక్రీదు గురించి చెప్పి ముగిస్తాము. ఖుర్బానీ జంతువును కొనేటప్పుడు కొమ్ములు, పళ్లు, కుంటితనం చూస్తాము. ముక్కు కారుతున్నదా, పారుతున్నదా, జ్వరంగా ఉన్నదా అని కూడా చూడాలి. పారుడు రోగం ఉన్న మేకను సందులోని పదిళ్ల మేకల మధ్య కట్టేస్తే హదీసును అక్షరాలా ఉల్లంఘించినట్టే. 2016, 17 సంవత్సరాలలో మంగోలియాలో పెంపుడు గొర్రెల, మేకల నుంచి ఈ రోగమే అంటి అక్కడి సైగా లేళ్లలో సగానికి పైగా నాశనమయ్యాయి. కోసిన తర్వాత ఊపిరితిత్తుల్లోనో కాలేయంలోనో నీటి తిత్తులు కనబడితే, పనికిరాదని కుక్కకు విసిరేయడం మనకు అలవాటు. అదే అన్నిటికంటే ప్రమాదం. ఆ తిత్తిలోని పురుగు కుక్క పేగులో పెరిగి, దాని మలం ద్వారా తిరిగి మన పిల్లల కాలేయంలోకి వస్తుంది. వాటిని లోతుగా పాతిపెట్టాలి. పిల్లికి పచ్చి మాంసం పెట్టకుండా ఉడికించి పెట్టాలి. దాని మలాన్ని మోరీలోకి కడగకుండా కాగితంలో చుట్టి చెత్తబండికి ఇవ్వాలి. ఇంట్లో పిల్లి ఉంటే, పొలం కాపలాకు కుక్క ఉంటే, నారాయణగూడ పశువైద్యశాలకో దగ్గరలోని పశువుల ఆసుపత్రికో తీసుకుపోయి టీకాలు వేయించాలి. ఈనిన పిల్లి పిల్లలను సంచిలో వేసి రాత్రివేళ క్యాంపస్ గోడ అవతల వదిలే పుణ్యాత్ములు ఆ పని మానాలి.

పండుగకు ముందు వచ్చే జుమాలో ఖుర్బానీ మసాయిల్ చెబుతారు. చర్మం ఎవరికివ్వాలి, మాంసం ఎన్ని భాగాలు చేయాలి అన్నది వివరంగా ఉంటుంది. తార్నాక, లాలాపేట, హబ్సిగూడ, అంబర్‌పేట మసీదుల కమిటీలు ఈసారి అదే సమయంలో ఐదు నిమిషాలు పేగులు, తిత్తులు ఎక్కడ పాతాలో, మున్సిపాలిటీ బండి ఏ సందుకు ఎన్నిగంటలకు వస్తుందో కూడా మైకులో చెప్పాలని కోరుతున్నాము. ఆ వేళలు పండుగకు వారం ముందే అధికారుల నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.